బండి వెనక రెండో పలక: మాంచెస్టర్, యార్క్, విండర్మియర్, లండన్ ప్రయాణంలో చూసినవి

రవాణా శాఖలో బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి ఏ ఊరు వెళ్లినా గుడిగోపురాల కంటే ముందు బండ్ల పలకలే చూస్తాడని నా భార్య తరచూ ఎద్దేవా చేస్తుంది. 2025 సెప్టెంబరు చివర, అమ్మాయి దగ్గర అయిదు వారాలు గడపడానికి విజయవాడ నుంచి ఇంగ్లండ్ వెళ్లినప్పుడు ఆ మాటను నేను మరోసారి నిజం చేశాను.

మాంచెస్టర్ విమానాశ్రయం బయటికి రాగానే నన్ను తికమక పెట్టింది పసుపు రంగు. మన దగ్గర పసుపు పలక కనిపిస్తే అది కిరాయి బండి అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. అక్కడ సొంత కారుకైనా కిరాయి కారుకైనా ముందు తెల్ల పలక, వెనక పసుపు పలక ఉంటాయి. కిరాయి బండిని గుర్తుపట్టాలంటే వెనక బంపరు దగ్గర బిగించిన రెండో పలకను చూడాలి. దాని మీద లైసెన్సు నంబరుతో పాటు, ఆ లైసెన్సు ఇచ్చిన కౌన్సిల్ (అక్కడి స్థానిక పాలక సంస్థ) పేరు ఉంటుంది. మా అమ్మాయి బుక్ చేసిన కారు మీద ఉన్న పేరు మాంచెస్టర్ కాదు, తను కాపురముంటున్న సాల్ఫర్డ్ కూడా కాదు. అక్కడికి నూట పది కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, దక్షిణాన ఉన్న వుల్వర్‌హాంప్టన్. అంత దూరం నుంచి ఖాళీగా వచ్చాడా అని నేను అడిగితే ఆ డ్రైవరు నవ్వి, తాను పుట్టి పెరిగింది మాంచెస్టర్‌లోనే అని, లైసెన్సు కోసం తప్ప వుల్వర్‌హాంప్టన్ ముఖం చూడలేదని చెప్పాడు.

ఆ ముక్క అర్థం కావాలంటే అక్కడి చట్టం కొంత తెలియాలి. లండన్ బయట ఇంగ్లండ్, వేల్స్‌లలో కిరాయి కార్లు రెండు రకాలు. మొదటిది హ్యాక్నీ క్యారేజ్, అంటే అసలైన ట్యాక్సీ. దాని మూలాలు గుర్రపుబండ్ల కాలంనాటి 1847 చట్టంలో ఉన్నాయి. దాన్ని స్టాండులో ఎక్కవచ్చు, రోడ్డు మీద చెయ్యెత్తి ఆపవచ్చు, అయితే తనకు లైసెన్సు ఇచ్చిన కౌన్సిల్ పొలిమేర లోపలే. రెండోది ప్రైవేట్ హైర్. ఇది 1976 చట్టం కిందికి వస్తుంది, ముందుగా ఒక ఆపరేటరు (బుకింగులు తీసుకునే సంస్థ) ద్వారా బుక్ చేసుకున్నవాళ్లనే ఎక్కించుకోవాలి. ఈ రెండో రకంలో ఆపరేటరు, బండి, డ్రైవరు ముగ్గురికీ ఒకే కౌన్సిల్ లైసెన్సు ఉండాలన్నది నియమం. ఆ మూడూ కలిసి ఉంటే చాలు, బండి దేశంలో ఏ మూలకైనా వెళ్లి ఎవరినైనా ఎక్కించుకోవచ్చు. దానికి తోడు 2015లో తెచ్చిన సడలింపు చట్టం ఒక కౌన్సిల్ కింద ఉన్న ఆపరేటరు తనకొచ్చిన బుకింగును మరో కౌన్సిల్ కింద ఉన్న ఆపరేటరుకు అప్పగించే వీలు కల్పించింది. ఫోన్‌లో మీట నొక్కి బండి పిలిచే రోజులు కూడా అప్పుడే ఊపందుకోవడంతో పొలిమేరలు కాగితం మీదే మిగిలాయి. ఇంగ్లండ్‌లో ఈ లైసెన్సులు ఇచ్చే కౌన్సిళ్లు 260కి పైగా ఉన్నాయి. రుసుము, పరీక్ష, బండి వయసు, దరఖాస్తు తేలే గడువు ఒక్కో చోట ఒక్కో తీరు. ఎక్కడ త్వరగా, చవగ్గా అయితే అక్కడికే జనం వెళతారన్నది పాతికేళ్లకు పైగా కౌంటరు అవతల కూర్చున్న నాకు కొత్తగా చెప్పక్కర్లేదు.

సాల్ఫర్డ్‌లో అమ్మాయి ఫ్లాటు చిన్నది కనుక మొదటి పది రోజులు దగ్గర్లోని ఒక సర్వీస్ అపార్ట్‌మెంటులో ఉన్నాం. వంటగది ఉంది, లిఫ్టు ఉంది, కిటికీలోంచి కాలువ కనిపిస్తుంది. స్నానాల గదిలో బకెట్టు మాత్రం లేదు. అన్నం వండుకునే వీలు కావాలనుకునే మన పెద్దవాళ్లకు హోటలు గది కంటే ఇదే మేలని నా అభిప్రాయం. ఊళ్లో తిరగడానికి పసుపు రంగు బీ నెట్‌వర్క్ బస్సులు ఎంతో సౌకర్యంగా ఉన్నాయి. అప్పుడు ఒక ప్రయాణానికి రెండు పౌండ్లు, పైగా 2025 జనవరికల్లా గ్రేటర్ మాంచెస్టర్ బస్సులన్నీ మళ్లీ ప్రజల అజమాయిషీలోకి వచ్చాయి. బస్సుల్ని అలా చేతుల్లోకి తెచ్చుకున్న, మేం వెళ్లినప్పటి మేయర్ ఆండీ బర్న్‌హామ్‌కు ప్రైవేట్ హైర్ కార్లు మాత్రం పట్టు చిక్కలేదు. తన పరిధిలోని పది కౌన్సిళ్లు డ్రైవర్లకూ బండ్లకూ ఉమ్మడి ప్రమాణాలు పెట్టుకున్నాయి. కానీ అక్కడ తిరిగే ప్రైవేట్ హైర్ కార్లలో దాదాపు సగం బయటి లైసెన్సులతో వచ్చినవేనని ఆయన యంత్రాంగమే చెప్పింది. ఇంట్లో వాళ్లకు కట్టుబాట్లు పెట్టి వీధి తలుపు బార్లా తీసి పెట్టినట్టు ఉంది పరిస్థితి.

ఇక్కడ వుల్వర్‌హాంప్టన్ పక్షం కూడా చెప్పాలి. తన డ్రైవర్ల నేరచరిత్రను ప్రతిరోజూ సరిచూస్తున్నామని, తన అధికారులను ఇతర నగరాలకు పంపి తనిఖీలు చేయిస్తున్నామని ఆ కౌన్సిల్ అంటుంది. మమ్మల్ని విమానాశ్రయం నుంచి తీసుకొచ్చిన ఆ డ్రైవరు అయిదు వారాల్లో మేం ఎక్కిన వాళ్లందరిలోకీ ఉత్తముడు. పెట్టెలు తానే ఎత్తాడు, వాకరు పట్టుకుని నా భార్యను గుమ్మం దాకా దించాడు. బయటి లైసెన్సు అనగానే బయటి మనిషి, అడ్డదారి మనిషి అనుకోవడం తప్పని అతన్ని చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

రెండో వారంలో ఒక రాత్రి జరిగినది వేరు. నగరం నడిబొడ్డులో భోజనం చేసి బయటికి వచ్చి కారు బుక్ చేస్తే, వచ్చిన డ్రైవరు అద్దం కాస్త దించి వాకరు వైపు చూసి, అది డిక్కీలో పట్టదని చెప్పి ప్రయాణం రద్దు చేసి వెళ్లిపోయాడు. మడిస్తే ఒక గొడుగంత అయ్యే వాకరు అది. వర్షంలో పావుగంట నిలబడ్డాం. 2022 జూన్ నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ట్యాక్సీ అయినా ప్రైవేట్ హైర్ అయినా, అలాంటి సాధనాలతో వచ్చిన వికలాంగ ప్రయాణికుల్ని నిరాకరించకూడదు, వాటికి అదనంగా వసూలు చేయకూడదు. అలవాటు కొద్దీ నేను బండి వెనక పలకను ఫోటో తీసి ఉంచాను. మర్నాడు అమ్మాయి స్థానిక కౌన్సిల్‌కు ఫోన్ చేస్తే, అవతలి ఉద్యోగి ఎంతో మర్యాదగా ఆ పలక నంబరు తమది కాదని, ఆ బండిని ఆపి తనిఖీ చేసే అధికారం గానీ ఆ డ్రైవరు మీద చర్య తీసుకునే అధికారం గానీ తమకు లేవని, మూడు జిల్లాల అవతల ఉన్న ఒక కౌన్సిల్ పేరు చెప్పి అక్కడ ఫిర్యాదు చేయమని చెప్పింది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం నాకు ఇష్టం లేదు. అయితే ఆ ఉద్యోగి మరో మాట కూడా చెప్పింది. 2022లోనే వచ్చిన ఇంకో చట్టం వల్ల, ఇలాంటి సమాచారం తమ దృష్టికి వస్తే దాన్ని లైసెన్సు ఇచ్చిన కౌన్సిల్‌కు తామే తెలపాలి, ఆ కౌన్సిల్ ఇరవై పనిదినాల్లో లైసెన్సు సంగతి ఆలోచించి జవాబు ఇవ్వాలి. కాగితం కదిలే దారి ఒకటి ఏర్పడింది, సంతోషమే. కానీ రోడ్డు మీద, ఆ వర్షంలో, ఆ ఊరి అధికారి ఎదురుగానే నిలబడి ఉన్నా చేయగలిగింది ఏమీ లేదన్నదే నాకు మింగుడుపడలేదు.

మనకు ఇది వింతగా ఎందుకు తోస్తుందంటే, మన గొడవ సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది. హైదరాబాదు ఉమ్మడి రాజధానిగా ఉన్న పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిశాక, ఆంధ్రప్రదేశ్ నంబరు క్యాబులు హైదరాబాదులో తిరగకూడదని అక్కడి డ్రైవర్లు అడ్డం తిరిగారు. ఇవతలి డ్రైవర్లు తమ మొర వినమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆశ్రయించారు. ఆ వివాదంలో ఎవరిది న్యాయం అన్నది పక్కన పెడితే, ఏ రాష్ట్రం నంబరు బండినైనా తన రోడ్డు మీద ఆపి కాగితాలు అడిగే అధికారం తెలంగాణ రవాణా అధికారికి ఉంటుంది. మన దగ్గర తిరిగే హక్కు మీద తగాదా, తనిఖీ హక్కు మీద అనుమానం లేదు. మేం వెళ్లినప్పుడు ఇంగ్లండ్‌లో తిరిగే హక్కుకు ఢోకా లేదు, ఆ ఊరి కౌన్సిల్‌కు తనిఖీ హక్కే లేదు.

మూడో వారం యార్క్ వెళ్లాం. మాంచెస్టర్ నుంచి రైల్లో గంటన్నర లోపే. కోట గోడల దగ్గర ఒక పాత ఇంట్లో నడిపే గెస్ట్‌హౌస్‌లో రెండు రాత్రులు ఉన్నాం. ఫలహారం దగ్గర శాకాహారమని చెబితే గుడ్డు తీసేసి పుట్టగొడుగులు రెట్టింపు పెట్టింది యజమానురాలు. గది ముచ్చటగా ఉంది. మెట్లు మాత్రం నిటారుగా, ఇరుకుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులవాళ్లు కింది అంతస్తు గది అడిగి మరీ తీసుకోవాలి. యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి గాజు కిటికీల గురించి ఎంతోమంది రాశారు కనుక నేను రాయను. ఊరి నడుమ వీధులు పగటిపూట నడిచేవాళ్లకే వదిలేస్తారు కాబట్టి బండి ఏదైనా అంచు దాకానే వస్తుంది, ఆపైన కాళ్లే దిక్కు.

యార్క్ కౌన్సిల్ 2017 డిసెంబరులో ఉబర్ లైసెన్సును పొడిగించడానికి నిరాకరించింది. అప్పుడు వచ్చిన ఫిర్యాదుల్లో చాలా భాగం వేరే చోట్ల లైసెన్సు పొందిన డ్రైవర్ల మీదే. ఫలితం ఏమిటంటే, కంపెనీకి ఆ ఊళ్లో లైసెన్సు పోయింది గానీ ఇతర ఊళ్ల లైసెన్సులతో ఆ కార్లు వచ్చి తిరగడం ఆగలేదు. మేం స్టేషను బయట స్టాండులో ఉన్న స్థానిక ట్యాక్సీ ఎక్కాం. మీటరు ప్రకారం కొంచెం ఎక్కువే అయింది. కానీ ఆ పెద్దాయన దారి చూపించే యంత్రం వైపు ఒక్కసారి కూడా చూడలేదు, గోడ ద్వారాల్లో ఏ పొద్దు ఎక్కడ కార్లు ఆగిపోతాయో వేళ్ల మీద చెప్పాడు. బయటి కార్ల మాట ఎత్తగానే ఆయన గొంతు మారిపోయింది. తాను ఈ ఊరి పరీక్ష రాసి, ఈ ఊరు చెప్పిన బండి కొని, ఈ ఊరికి రుసుము కడుతుంటే, పక్కన ఆగిన కారుకు ఆ మూడూ వర్తించవన్నది ఆయన బాధ. కాదనడానికి నా దగ్గర మాట లేకపోయింది.

విండర్మియర్ సరస్సు సంగతి వేరు. అక్కడ బయటి కార్ల బెడదా లేదు, సాయంత్రం ఆరు దాటితే అసలు కార్లే తక్కువ. స్టేషను నుంచి సరస్సు ఒడ్డున ఉన్న బౌనెస్‌కు 599 నంబరు బస్సు వెళుతుంది. పైకప్పు లేని మేడబస్సు, అప్పుడు మూడు పౌండ్లు. మేం దిగిన హోటలు కొండ మీద ఉంది, గదిలోంచి నీళ్లు కనిపిస్తాయని చెప్పి కార్లు నిలిపే స్థలం వైపు గది ఇచ్చారు. రాత్రి భోజనానికి వెళ్లేవాళ్లు తిరుగు ట్యాక్సీని పొద్దున్నే చెప్పి ఉంచుకోవాలి.

లండన్‌లో ఈస్ట్ హామ్‌లో బస చేశాం. మహాలక్ష్మి అమ్మవారి గుడి నడక దూరంలో, ఇడ్లీ సాంబారు వీధి చివర. విడిది పాతదే, శుభ్రత సగటు, అయినా నా భార్య మొహంలో వెలుగు అక్కడే చూశాను. లండన్‌కు చట్టం వేరు. ప్రైవేట్ హైర్ అక్కడ 1998 చట్టం కింద నగర రవాణా సంస్థ చేతిలో ఉంటుంది, వెనక పలకకు బదులు అద్దాల మీద గుండ్రటి గుర్తు అతికిస్తారు. నల్ల ట్యాక్సీ డ్రైవర్లు చేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్లలోని వేల వీధుల్ని కంఠస్థం చేసి పరీక్ష నెగ్గాలి. ఖరీదైనా ఒక్కసారి ఎక్కి చూడవలసిన సేవ అది. అయితే లండన్ లైసెన్సు కార్లు కూడా ఇతర ఊళ్లకు పోయి నిలబడతాయి. రెడింగ్‌లో అలా ఆగి ఉన్న ఒక డ్రైవరు మీద ఆ ఊరి కౌన్సిల్ కేసు పెడితే, ఫోన్‌లో బండి బొమ్మ కనిపిస్తూ బుకింగు కోసం ఎదురుచూడటం వీధిలో బేరం ఆడటం కిందికి రాదని 2019లో హైకోర్టు తేల్చింది. అంతకు ముందు ఏడాది నోస్‌లీ కౌన్సిల్, మా లైసెన్సు తీసుకుంటే ప్రధానంగా మా ఊళ్లోనే నడపాలని షరతు పెట్టబోతే అదీ చెల్లలేదు. ప్రయాణం మొదలో తుదో లైసెన్సు ఇచ్చిన ఊళ్లో ఉండాలని 2018లో ప్రభుత్వ నిపుణుల బృందం సూచించింది. బాలికలపై అఘాయిత్యాల మీద ప్రభుత్వం కోరగా లూయీస్ కేసీ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక కూడా ఈ బయటి లైసెన్సుల వెసులుబాటుకు స్వస్తి పలకమంది, ప్రభుత్వం ఒప్పుకుంది. నా మటుకు నాకు ప్రయాణాలకు పొలిమేర గీయడం కంటే ముందు, ఏ ఊరి అధికారికైనా తన రోడ్డు మీది ఏ బండినైనా ఆపే అధికారం ఇవ్వడం సులువనిపిస్తుంది. విమానాశ్రయాలు, ఆసుపత్రులు ఊరి పొలిమేర చూసి కట్టరు కదా.

మేం విజయవాడ చేరిన మూడో రోజున అమ్మాయి ఫోన్ చేసింది. ఆ పేరు రాయని కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చిందట. డ్రైవరును పిలిపించి మాట్లాడామని, హెచ్చరికను అతని లైసెన్సు దస్త్రంలో నమోదు చేశామని, ఫోటోలో పలక నంబరు స్పష్టంగా ఉండటం వల్లే బండిని గుర్తించగలిగామని రాశారట. నా భార్య ఆ చివరి వాక్యాన్ని రెండోసారి చదివించుకుని, ఇక నన్ను ఎద్దేవా చేయనని మాత్రం ఒప్పుకోలేదు.