ట్రావెల్ ప్లాన్ వెబ్‌సైట్ సోర్స్ కోడ్ కొంటున్నారా? డబ్బు పంపే ముందు ప్లాన్ లింకులో అంకె మార్చి చూడండి

జాగ్రత్త. టూర్ ప్లాన్లు రాసి పదిమందితో పంచుకునే వెబ్‌సైట్ రెడీగా ఉందంటూ టెలిగ్రామ్ గ్రూపుల్లో, ప్రాజెక్ట్ సెంటర్లలో పీహెచ్‌పీ అనే వెబ్ ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడ్ జిప్ ఫైళ్లు అమ్ముతున్నారు. లాగిన్, రోజువారీ ప్లాన్, మ్యాప్, ఫొటోలు, షేర్ లింకు అన్నీ ఉన్నాయంటారు. కొనేది ఎక్కువగా ఫైనలియర్ పిల్లలు, కోడింగ్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు. అమ్మేవాడు తన ల్యాప్‌టాప్‌లో, తన డేటాతో నడిపి చూపిస్తాడు కాబట్టి డెమోలో లోపాలేవీ కనపడవు. అవి బయటపడేది మన హోస్టింగ్‌లో పెట్టి, నలుగురు ఖాతాలు తెరిచాకే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది షేర్ లింకు. డెమోలోనే రెండు ఖాతాలు తెరిపించండి. మొదటి ఖాతాలో విశాఖ–బొర్రా–అరకు ప్లాన్ ఒకటి రాసి, ప్రైవేట్ అని సేవ్ చేయించండి. అడ్రస్ బార్ చివర ఐడీ=57 లాంటిది కనిపిస్తుంది. ఇప్పుడు రెండో ఖాతాతో లాగిన్ అయి, ఆ 57ను చేత్తో టైప్ చేయండి. ప్లాన్ తెరుచుకుందంటే ఆ కోడ్ కొనకండి. ప్రైవేట్ బటన్ ఆ ప్లాన్‌ను హోమ్ పేజీ జాబితాలోంచి దాస్తోందే తప్ప, తెరిచేవాడెవడని సర్వర్ అడగడం లేదన్నమాట. ఎడిట్, డిలీట్ పేజీల్లోనూ అలాగే అంకె మార్చి చూడండి. ఒకరి ప్లాన్‌ను ఇంకొకరు చెరిపేయగలిగే కోడ్‌లూ ఉన్నాయి. దీన్ని చిన్న బగ్ అని సర్దిచెబితే ఒప్పుకోవద్దు. ట్రిప్ తేదీలు తెలిస్తే ఇంటికి ఏయే రోజుల్లో తాళం ఉంటుందో తెలిసినట్టే. సరైన కోడ్‌లో ప్రతి క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న, ప్లాన్ ఐడీతో పాటు సెషన్‌లోని (అప్పుడు లాగిన్ అయి ఉన్న) యూజర్ ఐడీని కూడా సరిచూస్తుంది. షేర్ లింకులో వరుస అంకె బదులు, 16 ర్యాండమ్ బైట్లతో తయారైన 32 అక్షరాల టోకెన్, అంటే ఊహించి కొట్టలేని గుర్తు, ఉంటుంది.

తర్వాత ఫొటోలు. లొకేషన్ ఆన్‌లో పెట్టి ఫోన్‌తో తీసిన ఫొటో ఒకటి ఎక్కించి, అదే ఫొటోను సైట్‌లోంచి దించుకుని వివరాలు తెరవండి. అక్షాంశ రేఖాంశాలు అలాగే ఉంటే, ఇంటి గుమ్మం దగ్గర బ్యాగులతో దిగిన ఫొటో ఇంటి చిరునామాను లోకానికి చెప్పేస్తుంది. పీహెచ్‌పీలో ఫొటోలను మార్చే జీడీ లైబ్రరీతో ఫొటోను మళ్లీ సేవ్ చేస్తే ఆ సమాచారం పోతుంది. దాంతో పాటే ఫొటో ఏ వైపు తిరిగి ఉందన్న గుర్తు కూడా పోతుంది కాబట్టి ముందు దాన్ని చదివి, ఫొటోను తిప్పి, అప్పుడు సేవ్ చేయాలి. ఈ వరుస తప్పిన సైట్లలోనే ఫొటోలు అడ్డంగా పడుకుని కనిపిస్తాయి. ఫొటో ఎక్కించే చోట పీహెచ్‌పీ ఫైల్‌ను కూడా తీసుకుంటుంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు, సర్వర్ మొత్తం పరాయి చేతుల్లోకి పోతుంది.

గూగుల్ మ్యాప్ కీ, అంటే సైట్‌లో మ్యాప్ చూపించడానికి గూగుల్ ఇచ్చే కోడ్, మీ బిల్లింగ్ ఖాతాది అయి ఉండాలి. పేజీ సోర్స్‌లో అది అందరికీ కనిపిస్తుంది, కనుక మీ డొమైన్‌కు (సైట్ చిరునామాకు) మాత్రమే పనిచేసేలా పరిమితం చేయండి, రోజుకు ఇన్ని రిక్వెస్టులే అని కోటా పెట్టండి. బడ్జెట్ అలర్ట్ మెయిల్ పంపుతుంది గానీ ఖర్చును ఆపదు, చాలామంది పొరబడేది ఇక్కడే. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ ఉచితమే కదా అని ఊరి పేరులో ఒక్కో అక్షరం కొడుతుంటే సూచనలు చూపించడానికి దాని డేటాలో ఊర్ల పేర్లు వెతికిపెట్టే నామినేటిమ్ పబ్లిక్ సర్వర్‌ను వాడేస్తుంటారు. దాని నియమాల్లో అలాంటి వాడకం నిషిద్ధం. మామూలు వెతుకులాటకైనా సెకనుకు 1 రిక్వెస్ట్ మించకూడదు. మించితే బ్లాక్ చేస్తారు.

జిప్ చేతికొచ్చాక మొత్తం ఫోల్డర్‌లో ఇవాల్ (eval), బేస్64 డీకోడ్ (base64_decode) అనే ఫంక్షన్ల కోసం వెతకండి. రెండూ కలిసి ఒకే లైన్‌లో, వెనకాల అర్థం కాని పొడవాటి అక్షరాల దండతో కనిపిస్తే అది దొంగ తలుపు అనుకుని ఆ కోడ్‌ను హోస్టింగ్ దరిదాపులకు రానివ్వకండి. యూజర్స్ టేబుల్‌లో పాస్‌వర్డులు 32 అక్షరాలతో ఉంటే చాలావరకు ఎండీ5 అనే పాత పద్ధతిలో దాచినవే, అంటే పనికిరాని భద్రత. మైఎస్‌క్యూఎల్ క్వెరీ (mysql_query) అనే పాత ఫంక్షన్ కనిపిస్తే, పీహెచ్‌పీ 7 నుంచి అది లేనే లేదు కాబట్టి ఆ కోడ్ నడవదు. పీహెచ్‌పీ వెర్షన్ తగ్గించుకోమని అమ్మేవాడు చెబుతాడు, తగ్గించకండి. 7.4కే 2022 నవంబరులో సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. తెలుగులో ఊరి పేరు సేవ్ చేస్తే ప్రశ్నార్థకాల వరుస వస్తోందా? టేబుళ్లు తెలుగు అక్షరాలు పట్టని లాటిన్1 ఎన్‌కోడింగ్‌లో ఉన్నాయేమో చూడండి. టేబుళ్లనూ కనెక్షన్‌నూ కూడా తెలుగు కూడా పట్టే యూటీఎఫ్8ఎంబీ4 (utf8mb4)కు మార్చాలి.

కోడ్‌తో పాటు డొమైన్, హోస్టింగ్, ఎస్ఎస్ఎల్ (సైట్‌కు హెచ్‌టీటీపీఎస్ తాళం ఇచ్చే సర్టిఫికెట్) కలిపి ప్యాకేజీ అని చెబితే డొమైన్ ఎవరి పేరున, ఎవరి ఈమెయిల్‌తో రిజిస్టర్ అవుతుందో ముందే అడగండి. అది అమ్మేవాడి పేరున ఉంటే రెన్యువల్‌కు ఎంత అడిగితే అంత కట్టాల్సిందే. ఎస్ఎస్ఎల్ అయితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగానే ఇస్తుంది.

ఇప్పటికే కొని సైట్ నడుపుతున్నవాళ్లు ఈ రాత్రికే షేర్ పేజీని ఆపేయండి. జిప్‌తో వచ్చిన అడ్మిన్ ఖాతాను తీసేసి, డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చండి. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైళ్లు ఏమైనా చేరాయేమో చూడండి. డబ్బు తీసుకుని మాయమైన కేసైతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, యూపీఐ ట్రాన్సాక్షన్ నంబరు చెప్పండి.