విజయవాడ గవర్నర్‌పేట లాయరు గారి ఆఫీసులో ఫ్లాటు కాయితాలు చూపించుకున్నాం: 4 స్టార్లు

పేరు మాత్రం అడక్కండి. లాయర్లు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూలంట, నా పేరు ఎక్కడా పెట్టొద్దు బాబూ అని ఆయనే చెప్పారు. కోర్టుల దగ్గర మేడ మీద రెండు గదుల ఆఫీసు, అంతవరకే.

పోరంకి వైపు ఒక గ్రూప్ హౌస్‌లో డబుల్ బెడ్‌రూమ్ చూశాం, 62 లక్షలు. 600 గజాల స్థలం, 15 ఫ్లాట్లు, అన్నీ ఒకటే సైజు. మా ఆవిడకి తూర్పు ఫేసింగ్ నచ్చేసింది, నాకు వంటింటి పక్కన యుటిలిటీ నచ్చింది, ఇంకేముంది 15 లక్షలు అడ్వాన్స్ ఇచ్చేద్దాం అనుకుంటుంటే మా బావగారు ఆగండాగండి ముందు కాయితాలు చూపిద్దాం అని ఇక్కడికి తీసుకొచ్చారు. ఫీజు 6 వేలు. ఈసీ, అంటే ఆస్తి మీద అమ్మకాలూ తనఖాలూ చూపించే కాయితం, మనమే ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు కదా, దీనికి 6 వేలా అని లోపల్లోపల గొణుక్కున్నా.

లాయరు గారేమో ఈసీ జోలికే పోలేదు ముందు. సేల్ డీడ్ డ్రాఫ్ట్ తీసి, స్కేలు పెట్టి, ఒక్క లైను కింద పెన్సిల్‌తో గీత గీశారు. అవిభక్త వాటా, అంటే కింద స్థలంలో మన ఫ్లాటుకి వచ్చే భాగం, 32 గజాలు. 'ఏవండీ, 600ని 15 పెట్టి భాగించండి' అన్నారు. 40. మరి మన 8 గజాలేవి? 15 ఫ్లాట్లకీ కలిపితే 120 గజాలు, అవి ఎవరికీ రాయకుండా బిల్డర్ తన దగ్గరే ఉంచేసుకున్నాడన్నమాట, రేపు ఈ స్థలంలో నాకూ వాటా ఉంది అని పైన ఇంకో ఫ్లోర్‌కి దిగినా దిగుతాడు. మేం గదులు కొలిచాం, టైల్స్ తట్టి చూశాం, కుళాయిలు తిప్పి చూశాం, కింద నేల సంగతి మాత్రం అడగలేదు! బిల్డింగ్ పాతబడి పడగొట్టిన రోజున మిగిలేది ఆ గజాలే కదా.

తర్వాత రెరా, అంటే ఫ్లాట్లు కట్టి అమ్మేవాళ్ళు రిజిస్టర్ చేయించుకోవాల్సిన 2016 చట్టం. చిన్న సైటండీ, రెరా అక్కర్లేదు అని బిల్డర్ ధీమాగా చెప్పాడు మాకు. లాయరు గారు ఫోన్‌లో లెక్కేస్తే 600 గజాలంటే 501 చదరపు మీటర్ల పైచిలుకు వచ్చింది. చట్టంలో మినహాయింపు 500 చదరపు మీటర్ల దాకా, లేదంటే 8 ఫ్లాట్ల దాకా. మీటరున్నర తేడాలో దొరికిపోయాడు పాపం. ఇదే చట్టం ప్రకారం రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతం మించి తీసుకోకూడదు, అంటే మాకు 6 లక్షల 20 వేలు, బిల్డర్ అడిగిందేమో 15, అదీ తెల్లకాగితం మీద రసీదుకి.

10 శాతం బిల్టప్ ఏరియా ప్లాన్ ఇచ్చే ఆఫీసుకి తనఖా పెడతారంట, ఓసీ, అంటే కట్టడం పూర్తయింది, ఇక ఉండొచ్చు అని ఆ ఆఫీసు ఇచ్చే సర్టిఫికెట్, వచ్చాకే విడుదల. మా ఫ్లాటు అందులో లేదులెండి.

సత్యనారాయణపురంలో మా పిన్ని వాళ్ళ పాత గ్రూప్ హౌస్‌లో టెర్రస్ మీద బిల్డర్ గది కట్టి ఇప్పటికీ అద్దె తింటున్నాడు, అసోసియేషన్ వాళ్ళు బట్టలు ఆరేసుకోవాలన్నా ఆయన్ని అడగాలి. లాయరు గారు చెప్పిందేమంటే, రెరాలో టెర్రస్, సెల్లార్, ఓపెన్ పార్కింగ్ అన్నీ అందరికీ చెందిన కామన్ ఏరియానే, ఓసీ వచ్చిన 3 నెలల్లో అసోసియేషన్ పేర రాసిచ్చెయ్యాలి. ఈ మాట వినగానే మా ఆవిడ అక్కడే పిన్నికి ఫోన్ కొట్టింది, లాయరు గారు నవ్వుకున్నారు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, అపాయింట్‌మెంట్ ఇచ్చి కూడా రెండు గంటలు కూర్చోబెట్టారు, ఫోన్ చేస్తే ఎత్తరు, ఒపీనియనేమో నాలుగు పేజీలూ ఇంగ్లీషులో ఉంది, బావగారు చదివి చెప్తే గానీ అర్థం కాలేదు. తెలుగులో ఒక పేజీ ఇస్తే ఏం పోతుంది?

బిల్డర్‌ని 40 గజాలు రాయమంటే 'అందరికీ 32 రాశాం, మీకొక్కళ్ళకి ఎట్లా మారుస్తామండీ' అన్నాడు. వద్దనుకున్నాం. ఇప్పుడు కానూరులో ఇంకోటి చూశాం, దీనికి రెరా నంబరుంది, శనివారం ఆ కాయితాలు కూడా ఈయనకే ఇస్తున్నా, రెండోసారి కాబట్టి 4 వేలకి చూస్తానన్నారు. వెళ్ళేవాళ్ళు సాయంత్రం ఆరు దాటాక వెళ్ళండి, పగలు ఆ వీధిలో బండి పెట్టుకోడానికి జానెడు చోటు దొరకదు.