లోమ్‌లో అతుకుల చర్చి

ఓస్లో నుంచి కారులో ఐదు గంటలకు పైగా ప్రయాణించి నార్వేలోని లోమ్ అనే ఊరు చేరేసరికి చర్చి తలుపులు మూసి ఉన్నాయి. లోపల ఎవరివో అంత్యక్రియల ప్రార్థనలట. మా ఆవిడ ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం లోలోపల నచ్చింది. 1150ల నాటి కొయ్య కట్టడం ఆ ఊరి మంచిచెడ్డలకు ఇంకా పనికొస్తోందన్నమాట! రెండు గంటలు ఏటి పక్క బేకరీలో దాల్చినచెక్క బన్నులు తింటూ గడిపాం. అవి మాత్రం వదలొద్దు.

నిలువు స్తంభాల మీద నిలబడే ఈ కట్టడాలను స్టావ్ చర్చిలు అంటారు. ఒకప్పుడు నార్వేలో వెయ్యికి పైగా ఉండేవట, ఇప్పుడు 28 మిగిలాయి. 1851లో వచ్చిన చట్టం ప్రకారం ఊరి జనంలో పదింట మూడు వంతుల మందికి చర్చిలో చోటుండాలి. దాంతో చాలా ఊళ్లు పాతవి కూలగొట్టి కొత్తవి కట్టుకున్నాయి. లోమ్ వాళ్లు అంతకు చాలాముందే తమ చర్చిని పెంచుకున్నారు. 1634లో పడమటి వైపు పొడిగించారు. 1663లో రెండు పక్కలా రెక్కలు కలిపి సిలువ ఆకారానికి తెచ్చారు. లోపల నిలబడి చూస్తే పాత స్తంభాలు ఎక్కడ ఆగాయో, కొత్త పని ఎక్కడ మొదలైందో కనిపెట్టొచ్చు.

1973 తవ్వకాల్లో నేల కింద రెండు వేలకు పైగా నాణేలు దొరికాయి. వాటికన్నా నన్ను కట్టిపడేసింది ఒక కర్రముక్క. హవార్డ్ అనే అతను దాని మీద రూన్ అనే పాతకాలపు లిపిలో ఒకమ్మాయికి పెళ్లి కబురు చెక్కాడు. కోల్‌బెయిన్ అనే అతన్ని నువ్వు వద్దనుకుంటే నన్ను చేసుకో, ఆలోచించి చెప్పు అని! అది గుడిలో నేల సందులోకి ఎలా జారిందో మరి.

బస గురించి ఒక హెచ్చరిక. మేం తీసుకున్న చెక్క క్యాబిన్‌లో దుప్పట్లకు వేరే డబ్బు, వెళ్లేముందు ఊడ్చి తుడవకపోతే దానికీ బిల్లు. బుక్ చేసేటప్పుడే అడగండి.

మర్నాడు 1434 మీటర్ల ఎత్తున్న సోగ్నెఫ్యెల్ దారి దాటి, ఫెర్రీ ఎక్కి ఇంకో స్టావ్ చర్చి ఉన్న బోర్గుండ్ వెళ్లాం. చలికాలంలో ఆ దారి మూసేస్తారు. బోర్గుండ్‌లో 1868లో పక్కనే కొత్త చర్చి కట్టుకోవడంతో పాతది పెద్దగా మార్పుల్లేకుండా మిగిలింది. బయటి నుంచి చూస్తే అందం దానిదే, ఒప్పుకోవాలి. లోపల చీకటి, బెంచీలు కూడా లేవు. పావుగంటలో బయటికొచ్చేశాం.