అబార్షన్ చట్టాలు: టెక్సాస్ నిషేధమా, మన డాక్టర్ సంతకమా, నేపాల్ పద్ధతా, ఏది మేలు?

అబార్షన్ చట్టబద్ధంగా ఉండాలా వద్దా అనే మాట రాగానే మనవాళ్లు చాలామంది "అది అమెరికావాళ్ల గొడవ, మనకు ఎప్పుడో తేలిపోయింది" అంటారు. 1971లోనే మనకు చట్టం వచ్చిన మాట నిజమే. కానీ ఆ చట్టం ఆడవాళ్లకు ఏం ఇచ్చిందో, ఏం ఇవ్వలేదో తెలిసినవాళ్లు తక్కువ. పైగా డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో కాపురం ఉంటున్న మన పిల్లలకు అమెరికావాళ్ల గొడవ ఇప్పుడు సొంత గొడవే. అందుకే మూడు పద్ధతులు పక్కపక్కన పెట్టి చూద్దాం. దాదాపు పూర్తిగా నిషేధించిన టెక్సాస్, డాక్టర్ ఒప్పుకుంటేనే అనే మన దేశం, మొదటి 12 వారాలు ఆమె ఇష్టం అనే నేపాల్. నా ఓటు మూడోదానికే. దాని మీద ఉన్న గట్టి అభ్యంతరాన్ని కూడా దాటవేయను.

నేను చూసేది ఒకటే. గర్భం వద్దనుకున్న మనిషి, లేదా ఉంచుకునే పరిస్థితిలో లేని మనిషి, ఎంత త్వరగా, ఎంత భద్రంగా డాక్టర్ దగ్గరికి చేరగలుగుతోంది? ఎనిమిదో వారంలో మాత్రలతో అయిపోయేది పదహారో వారానికి వచ్చేసరికి ఆసుపత్రిలో చేరాల్సిన పని అవుతుంది, ఖర్చూ ప్రమాదమూ రెండూ పెరుగుతాయి. పిండం కూడా ఆ మేరకు పెరుగుతుంది. కాబట్టి పిండానిది ప్రాణమే అని మనస్ఫూర్తిగా నమ్మేవాళ్లు కూడా, ఎలాగూ జరిగేదైతే తొందరగా జరగడమే నయమని ఒప్పుకుంటారని అనుకుంటున్నాను.

ముందు నిషేధం సంగతి. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, పిండం గుండె చప్పుడు వినిపిస్తే, అంటే సుమారు ఆరు వారాలు దాటితే, అబార్షన్ కుదరదన్నారు. ఆరు వారాలంటే చాలా టైమ్ ఉన్నట్టు అనిపిస్తుంది గానీ లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచి వేస్తారు, కాబట్టి నెల తప్పిందని గమనించాక మిగిలేది రెండు వారాలు. నెలసరి సరిగా రాని పీసీఓడీ వాళ్లకు అది కూడా ఉండదు. ఆ తర్వాత 2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు దేశమంతటా అబార్షన్ హక్కు ఇచ్చిన 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పును కొట్టేసింది, ఆగస్టు 25 నుంచి టెక్సాస్‌లో దాదాపు పూర్తి నిషేధం అమల్లోకి వచ్చింది. చేసిన డాక్టర్‌కు యావజ్జీవం దాకా జైలు, కనీసం లక్ష డాలర్ల జరిమానా, లైసెన్స్ కూడా పోతుంది. అత్యాచారానికి మినహాయింపు లేదు. తల్లి ప్రాణం మీదికి వస్తే చేయొచ్చని రాశారు.

ఆ చివరి మాట వినడానికి బాగానే ఉంటుంది. కానీ ప్రాణం మీదికి రావడం అంటే ఎప్పుడు? జ్వరం వచ్చినప్పుడా, బీపీ పడిపోయినప్పుడా, ఐసీయూలో పెట్టినప్పుడా? జైలు భయం నెత్తిమీద ఉన్న డాక్టర్ ఆ గీత దాటిందని తేలేదాకా ఆగుతాడు. 2023 చివర్లో కేట్ కాక్స్ అనే ఆవిడ కడుపులో బిడ్డకు ట్రైసోమీ 18 అని తేలింది. పుట్టినా బతకడం చాలా అరుదైన జబ్బు అది. కింది కోర్టు అనుమతిచ్చింది, రాష్ట్ర సుప్రీంకోర్టు ఆపేసింది, ఆవిడ రాష్ట్రం దాటి వెళ్లి చేయించుకోవాల్సి వచ్చింది. ఇలాంటివి చాలా అయ్యాక 2025లో డాక్టర్లకు కొంత స్పష్టత ఇస్తూ చట్టాన్ని సవరించారు. నిషేధం మాత్రం అలాగే ఉంది.

ఇదే కథ ఐర్లాండ్‌లో అంతకు పదేళ్ల ముందే జరిగింది, అక్కడ పోయిన ప్రాణం మన పక్క రాష్ట్రపు అమ్మాయిది. సవితా హలప్పనవర్, బెళగావికి చెందిన దంతవైద్యురాలు, వయసు 31. గాల్వే ఆసుపత్రిలో 17వ వారంలో ఉమ్మనీరు పోయింది. గర్భం నిలవదని డాక్టర్లకూ తెలుసు, ఆమెకూ తెలుసు. తీసేయమని అడిగింది. పిండం గుండె ఇంకా కొట్టుకుంటోంది కాబట్టి చట్టం ఒప్పుకోదన్నారు. రోజులు గడిచేలోపు ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది, 2012 అక్టోబర్ 28న చనిపోయింది. కావాలనుకున్న బిడ్డ అది, మొదటి కాన్పు. అబార్షన్ నిషేధం "బాధ్యత లేని" వాళ్లకు మాత్రమే తగులుతుందనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. 2018 మే 25న రెఫరెండం వచ్చినప్పుడు ఆమె తండ్రి ఇక్కడి నుంచే ఐర్లాండ్ ఓటర్లను అభ్యర్థించారు. 66 శాతం మంది నిషేధం ఎత్తేయమన్నారు. ఇప్పుడు అక్కడ 12 వారాల దాకా కారణం అడగరు.

పోనీ నిషేధిస్తే అబార్షన్లు తగ్గుతాయా అంటే, 2023లో అమెరికాలో మొత్తం 10 లక్షలు దాటాయి, పదేళ్లకు పైగా చూస్తే అదే ఎక్కువ. డబ్బు, సెలవు, కారు ఉన్నవాళ్లు న్యూమెక్సికోకో కొలరాడోకో వెళ్లివస్తున్నారు. లేనివాళ్లు ఉండిపోతున్నారు. రుమేనియాలో 1966లో నియంత చౌషెస్కూ నిషేధించాడు, దొంగచాటు అబార్షన్లతో తల్లులు చచ్చిపోయారు, అనాథాశ్రమాలు నిండిపోయాయి, 1989 చివర్లో నిషేధం ఎత్తేయగానే ఒక్క ఏడాదిలో తల్లుల మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి. నిషేధం గురించి నాకు ఇంకేం సందేహం మిగల్లేదు.

మన దేశం సంగతికి వద్దాం, అసలు చిక్కు ఇక్కడే ఉంది. మన చట్టం అబార్షన్‌ను హక్కుగా ఇవ్వలేదు. నేరంగానే ఉంచి, డాక్టర్‌కు మినహాయింపు ఇచ్చింది. పాత ఐపీసీ 312, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 88 తీసి చూడండి, తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప గర్భస్రావం చేయడం నేరం, తనకు తాను చేసుకున్న ఆడమనిషి కూడా అందులోకే వస్తుంది. 1964లో వేసిన శాంతిలాల్ షా కమిటీ సిఫార్సుల మీద 1971లో ఎంటీపీ (వైద్య పద్ధతిలో గర్భస్రావం) చట్టం వచ్చి, ఫలానా షరతులుంటే డాక్టర్‌కు శిక్ష ఉండదంది. అంటే తలుపు తెరిచే ఉంది గానీ తాళంచెవి డాక్టర్ జేబులో ఉంది.

మంచి డాక్టర్ దొరికితే ఈ పద్ధతి బాగానే నడుస్తుంది, కాదనను. 2021 సవరణతో 20 వారాల దాకా ఒక్క డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 మధ్య అత్యాచార బాధితులు, మైనర్లు, భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు, ఇంకా కొందరికి ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే చేస్తారు. పిండంలో పెద్ద లోపం ఉంటే 24 దాటినా మెడికల్ బోర్డు ఉంది. ఈ సవరణ విలువ ఐదో నెలలో పిండంలో లోపాలు చూసే టిఫా స్కాన్‌కు వెళ్లినవాళ్లకు తెలుస్తుంది. ఆ స్కాన్ చేసేదే 18 నుంచి 22 వారాల మధ్య. అందులో గుండెలోనో మెదడులోనో ఏదో తేడా ఉందంటారు, ఇంకోచోట మళ్లీ స్కాన్, ఉమ్మనీటి పరీక్ష, దాని రిపోర్ట్ కోసం ఎదురుచూపులు, ఈలోపు పాత చట్టంలోని 20 వారాలు ఎప్పుడో దాటిపోయేవి. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు పెళ్లికాని ఆడవాళ్లకూ ఆ 24 వారాలు వర్తిస్తాయంది. ఈ చట్టం వరకు భర్త బలవంతం కూడా అత్యాచారమేనంది. చాలా పెద్ద మాట అది.

అయినా తాళంచెవి డాక్టర్ దగ్గర ఉండటం వల్ల ఏం జరుగుతోందో చూడండి. ఇద్దరు పిల్లలున్న ఆవిడ ఇంక వద్దు అనుకుని వస్తుంది. "వద్దు" అన్నది మన చట్టంలో కారణం కాదు. కుటుంబ నియంత్రణ సాధనం పనిచేయలేదు, దానివల్ల మానసికంగా నలిగిపోతున్నాను అంటే అది కారణం. అసలు ఏ సాధనమూ వాడనివ్వని భర్త ఉన్న ఆవిడ కూడా ఇదే చెప్పాలి. ఇలా ఆడమనిషి చేత అబద్ధం చెప్పిస్తేగానీ పని జరగని చట్టం నాకు నచ్చదు. ఇక పెళ్లికాని అమ్మాయి వెళ్తే "మీ అమ్మని తీసుకురా", పెళ్లైన ఆమె వెళ్తే "మీ ఆయన సంతకం ఏది?" నాకు తెలిసిన ఒకామెను ఒక ప్రైవేట్ ఆసుపత్రి ఇలాగే తిప్పింది, భర్త దుబాయ్‌లో ఉన్నాడన్నా వినలేదు. తిరిగి తిరిగి చివరికి మెడికల్ షాపుకు వెళ్లింది.

మెడికల్ షాపే మన అసలు వ్యవస్థ అనిపిస్తుంది నాకు. 2015లో మన దేశంలో 1.56 కోట్ల అబార్షన్లు జరిగాయని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో అంచనా వచ్చింది. అందులో మూడింట రెండు వంతులకు పైనే ఆసుపత్రి గడప తొక్కకుండా మాత్రలతో అయినవి. మాత్రలు చెడ్డవి కావు, వేళకు సరిగ్గా వాడితే భద్రమైనవే. కానీ కౌంటర్ దగ్గర కుర్రాడు కిట్ కాగితంలో చుట్టి ఇస్తాడు, ఎన్ని వారాలో అడగడు, ఎంత బ్లీడింగ్ అయితే ఆసుపత్రికి పరిగెత్తాలో చెప్పడు. గర్భం ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పనిచేయవు, బ్లీడింగ్ చూసి అయిపోయిందనుకుంటుంది, లోపల ట్యూబు పగులుతుంది. చట్టం ఉండి కూడా ఇంతమంది డాక్టర్‌ను తప్పించుకుని వెళ్తున్నారంటే, ఆ గదిలో అడిగే ప్రశ్నల భయం దానికి ఒక ముఖ్య కారణమని నా నమ్మకం.

నేపాల్‌లో 2002కు ముందు అబార్షన్ చేయించుకున్న ఆడవాళ్లు జైళ్లలో ఉండేవాళ్లు. అక్కడినుంచి 12 వారాల దాకా ఆమె మాటే చాలు అనే చట్టానికి వచ్చారు. 2018 చట్టంతో అత్యాచారం లాంటి పరిస్థితుల్లో 28 వారాల దాకా పెంచారు. ట్రైనింగ్ ఇచ్చిన నర్సులు కూడా మాత్రలు ఇవ్వొచ్చు, ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. అక్కడ అంతా బాగుందని కాదు, కొండల్లో దూరాల వల్ల గుర్తింపు లేని చోట్లకు వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ వెళ్లినామెను "ఎందుకు?" అని అడిగే హక్కు మొదటి మూడు నెలల్లో ఎవరికీ లేదు, ఆ ఒక్క తేడా నాకు చాలు.

ఇక ఆ గట్టి అభ్యంతరం. కారణం అడక్కపోతే ఆడపిల్ల అని తీయించేసుకుంటారు కదా? మన దగ్గర ఈ భయం ఉత్తిది కాదు, ప్రతి స్కానింగ్ సెంటర్‌లోనూ లింగ నిర్ధారణ చేయబడదు అన్న బోర్డు ఊరికే పెట్టలేదు. అయితే స్కాన్‌లో ఆడో మగో నమ్మకంగా తెలిసేది మామూలుగా 12 వారాలు దాటాకే. కాబట్టి 12 వారాల గీత దీనికి చాలావరకు అడ్డమే. రక్త పరీక్షతో అంతకుముందే తెలుసుకునే వీలుంది, అందుకే 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టాన్ని ల్యాబుల మీద గట్టిగా అమలు చేయాలి. పట్టుకోవాల్సింది స్కాన్ గదిలో చెవిలో చెప్పేవాణ్ని. ఆమెను ప్రశ్నలడిగితే ఏమొస్తుంది, అత్తవారు చెప్పి పంపిన జవాబే వస్తుంది. ఆమెకు ఇష్టం లేకుండా చేసినవాళ్లకు యావజ్జీవం దాకా శిక్ష వేసే న్యాయ సంహిత సెక్షన్ 89 మాత్రం కచ్చితంగా ఉండాల్సిందే.

పెద్ద నెలల విషయంలో నేను ఇంత గట్టిగా మాట్లాడలేను. 2023 అక్టోబర్‌లో 26 వారాల గర్భిణి, ఇద్దరు పిల్లల తల్లి, కాన్పు తర్వాతి మానసిక జబ్బుకు మందులు వాడుతున్న మనిషి, సుప్రీంకోర్టుకు వెళ్లింది. ముందు అనుమతిచ్చారు, తర్వాత బిడ్డ బతికే అవకాశం ఉందని ఎయిమ్స్ డాక్టర్ రాశారు, ఇద్దరు జడ్జీలు చెరోమాట చెప్పారు, చివరికి ముగ్గురు జడ్జీల బెంచ్ కుదరదంది. ఆమె బాధా నిజం, ఆ దశలో బిడ్డ సంగతీ నిజం. అక్కడ మెడికల్ బోర్డు ఉండటం నాకు సబబే అనిపిస్తుంది, కాకపోతే రూల్స్‌లో రాసినట్టు మూడు రోజుల్లో అభిప్రాయం చెప్పి తీరాలి.

నేపాల్ లాంటి 12 వారాలు మనకూ రావాలంటే పార్లమెంటే చేయాలి. అంతదాకా ఉన్న చట్టంలోనే ఒక్కటి తెలుసుకోండి, ఇంట్లో ఆడపిల్లలకు చెప్పండి. 18 నిండినవాళ్లకు ఫారం సి అనే ఒప్పుకోలు పత్రం మీద వాళ్ల సంతకం ఒక్కటే చాలు, భర్తదీ తండ్రిదీ అక్కర్లేదు, పేరు బయటపెడితే అది డాక్టర్ తప్పవుతుంది. ఎవరైనా "మీ ఆయన్ని తీసుకురా" అంటే ఆ రూలు ఎక్కడుందో చూపించమని అడగండి, చూపించలేకపోతే వాదిస్తూ వారం పోగొట్టుకోకుండా అదే రోజు ఇంకో గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి.