విండోస్ 11 లొకేషన్ సేవ: ఐదుకు మూడు

ఫోను మనతో తిరుగుతుంది కాబట్టి ఎక్కడున్నామని ఆరా తీస్తే అర్థముంది. బల్ల మీది కంప్యూటర్‌కు ఆ గొడవ ఎందుకు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇంటి ముందు గదిలోనే పెళ్లి పత్రికలు, దరఖాస్తులు టైపు చేసే దుకాణం నాది. విండోస్ 11 ఉన్న కొత్త ల్యాప్‌టాప్ అమ్మిన కుర్రాడు, మొదట ఆన్ చేసినప్పుడు వచ్చే ప్రశ్నలన్నిటికీ నన్ను అడగకుండానే ‘సరే’ అని నొక్కుకుంటూ పోయాడు. వాటిలో లొకేషన్ ఒకటి. ఇంటి తాళాలు కూడా ఇలాగే పంచుతావా బాబూ అని అడగాలనిపించింది. అయినా తీసేయకుండా కొన్నాళ్లు వాడి చూశాను.

పనితనానికి వంక పెట్టలేను. బ్రౌజర్‌లో మ్యాప్ తెరిచి అనుమతి ఇస్తే, చుక్క దాదాపు మా పెరటి నూతి దగ్గరికి వచ్చి ఆగింది. ఇందులో జీపీఎస్ లేదు. చుట్టుపక్కల ఇళ్ల వైఫై రౌటర్ల గుర్తింపు సంఖ్యలను పసిగట్టి, ఏది ఎక్కడుందో ముందే నమోదైన పట్టికతో సరిచూసి చోటు తేలుస్తుంది. పక్కనున్న పాత డెస్క్‌టాప్‌లో వైఫై లేదు, కేబుల్ మీదే నెట్. దానికి ఐపీ చిరునామాయే, అంటే నెట్ కంపెనీ మా కనెక్షన్‌కు ఇచ్చే సంఖ్యే, ఆధారం. మమ్మల్ని ఒకసారి భువనేశ్వర్‌లో, ఇంకోసారి విశాఖపట్నంలో కూర్చోబెడుతుంది. మహేంద్రతనయ నదికి అవతల పాతపట్నం, అంటే ఆంధ్ర. మా ఊరిని ఎవరి లెక్కలో వేయాలో తెలియక తికమకపడేవాళ్లను చూస్తూనే ఉన్నాం. నాకు ఆ తప్పే హాయిగా ఉంది.

దుకాణం చిరునామా బోర్డు మీద ఉండనే ఉంది, దాచేదేముందక్కా అంటాడు మా తమ్ముడు. బోర్డు దారిన పోయేవారి కోసం. రాత్రి దుకాణం మూశాక నేను ఏ మందు గురించి వెతికానో ఆ వెబ్‌సైటుకు మా గుమ్మం తెలియనక్కరలేదు.

పోనీ, లాభం ఎంత? టైమ్ జోన్ దానంతట అదే మారుతుందట. దేశమంతటికీ ఒకే సమయం ఉన్నచోట అది మనకేం పనికొస్తుంది! వాతావరణం మాత్రం కొట్టిపారేయలేను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా గజపతి జిల్లాను ఎలా చిదిమేసిందో చూసినవాళ్లం, భువనేశ్వర్ వాన కబురు మాకెందుకు? అయితే వాతావరణం చూపే విడ్జెట్‌లో ఊరి పేరు చేత్తో టైపు చేసినా సరిపోతుంది. ల్యాప్‌టాప్ పోతే వెతికిపెట్టే ‘ఫైండ్ మై డివైస్’కు మాత్రం లొకేషన్ ఉండాల్సిందే. ఊళ్లు తిరిగేవాళ్లు ఆలోచించుకోండి.

ఇక సెట్టింగ్స్. ప్రైవసీలోకి వెళ్లి లొకేషన్ తెరిస్తే ఏ యాప్ ఎప్పుడు అడిగిందో చూపిస్తుంది, బాగుంది. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వచ్చిన యాప్‌లను ఒక్కొక్కటిగా ఆపవచ్చు. బ్రౌజర్ల వంటి మామూలు డెస్క్‌టాప్ ప్రోగ్రాములన్నిటికీ కలిపి ఒకే స్విచ్! ఇస్తే అందరికీ, లేదంటే ఎవరికీ లేదు. పైగా స్విచ్ ఆపినా కొన్ని ప్రోగ్రాములు వేరే దారుల్లో చోటు కనిపెట్టవచ్చని మైక్రోసాఫ్టే చెబుతోంది. 2024లో వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ 24హెచ్2 నుంచి చుట్టుపక్కల వైఫైల జాబితా చదవాలన్నా లొకేషన్ అనుమతి కావాలి. ఇది ఎప్పుడో చేయాల్సిన పని. రెండు మార్కులు ఆ ఒకే స్విచ్‌కు కోశాను.

నేను మొత్తం ఆపేశాను. రౌటర్ పేరు చివర అండర్‌స్కోర్, దాని వెంట నోమ్యాప్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో చేర్చాను. అలా చేస్తే గూగుల్, ఆపిల్ ఆ రౌటర్‌ను తమ పట్టికల్లో వాడవు. కానీ నా ల్యాప్‌టాప్ చోటు చెప్పేది పక్కిళ్ల రౌటర్లు కూడా. అదే మాట పక్కింటి మాస్టారికి చెబితే, ‘పేరు మారిస్తే ఇంట్లో ఫోన్లన్నీ మళ్లీ కలపాలి, ఆ తలనొప్పి నాకెందుకమ్మా’ అన్నారు. పండక్కి వాళ్లబ్బాయి వచ్చినప్పుడు మళ్లీ అడుగుతాను.