వీ100 జీపీయూ నోడ్: వరద లెక్కలకు ఏళ్ల తరబడి వాడాక

మాది ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థ. మా దగ్గర 16 జీబీ మెమరీ ఉన్న ఎన్విడియా వీ100 జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) కార్డులు రెండు పెట్టిన నోడ్, అంటే ఒక సర్వర్, ఉంది. కొన్నప్పటి నుంచి దాని మీద ఎక్కువగా నడిచింది మా వరద ముంపు మోడలే. జీపీయూల గురించి కనిపించే సమీక్షలు చాలావరకు పెట్టె విప్పిన వారంలోపు రాసినవి. వారంటీ అయిపోయి, కార్డు పెట్టిన సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కూడా కాలం చెల్లాక సంగతేమిటో వాటిలో ఉండదు.

ముంపు మోడల్ అంటే నేలను చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ప్రతి గడిలో నీటి లోతు, వేగం ఎంతో పక్క గడులను చూసి లెక్కకట్టడం. లక్షల గడులకు ఒకే లెక్క, ఒకేసారి. జీపీయూకి ఇంతకన్నా ఇష్టమైన పని లేదు. గడి కొలత సగానికి తగ్గిస్తే గడులు నాలుగింతలవుతాయి. టైమ్ స్టెప్, అంటే ఒక్కో లెక్కకు మోడల్ ముందుకు జరిగే కాలం, కూడా సగం చెయ్యాలి, లేకపోతే అంకెలు అదుపు తప్పి మోడల్ బ్లో అయిపోతుంది. మొత్తం పని ఎనిమిదింతలు. 20 మీటర్ల గడి నుంచి 5 మీటర్లకు దిగితే 64 రెట్లు. మామూలు ప్రాసెసర్ (సీపీయూ) మీద నడిపిన రోజుల్లో మేం 20 దగ్గరే ఆగిపోయింది ఇందుకే. 20 మీటర్ల గడిలో వీధి ఉండదు, కాలువ కట్ట ఉండదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది, అదే సమయంలో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. అలాంటి చోట గండి ఇక్కడ కాక అక్కడ పడితే నీరు ఎటు పోతుందని అడగాలంటే కట్ట గడిలో కనపడాలి, పైగా ఒక్క రన్ కాదు, పదులకొద్దీ రన్‌లు కావాలి. ఆ పనికి ఈ నోడ్ నిజంగా అక్కరకొచ్చింది. రాత్రి క్యూలో పెట్టి పొద్దున చూసుకునే రన్‌లు ఇప్పుడు భోజనానికి వెళ్లొచ్చేలోపు అయిపోతున్నాయి.

అలాగని జీపీయూ పెడితే 100 రెట్లు వేగం అనే మాట నమ్మకండి. అలాంటి అంకెలు తరచూ ఒక్క సీపీయూ కోర్‌తో పోల్చి వేసినవి. మా లెక్కలో అసలు ఇరుకు కూడికలూ గుణకారాలూ కాదు, మెమరీ నుంచి డేటా తెచ్చుకోవడం. వీ100 మెమరీ సెకనుకు 900 జీబీ ఇస్తుంది. అదే కాలపు మంచి జియాన్ సాకెట్ (ఇంటెల్ సర్వర్ సీపీయూ ఒకటి) 140 జీబీ దాకా ఇస్తుంది. అంటే కోర్లన్నీ సరిగ్గా వాడుకున్న సాకెట్‌తో పోలిస్తే ఒక కార్డు ఇచ్చేది ఆరు రెట్లకు అటూఇటూ. మాకు దక్కింది కూడా దాదాపు అంతే. ఆరు రెట్లు చిన్న విషయమేమీ కాదు, కానీ పై అధికారికి ఫైల్ పెట్టేటప్పుడు 100 అని రాస్తే తర్వాత ఆ అంకెకు సమాధానం చెప్పుకోవాల్సింది మనమే.

మెమరీ విషయం కొనేముందే తేల్చుకోవాలి. వెయ్యి చదరపు కిలోమీటర్లను 5 మీటర్ల గడులుగా చేస్తే 4 కోట్ల గడులు. గడికి పది డబుల్ ప్రెసిషన్ విలువలు (ఎక్కువ కచ్చితత్వం ఉన్నవి, ఒక్కోటి 8 బైట్లు; సింగిల్ అయితే 4) అనుకుంటే 3.2 జీబీ, హాయిగా పడుతుంది. అదే 2 మీటర్లకు దిగితే 25 కోట్ల గడులు, 20 జీబీ. మా కార్డులో పట్టదు. 32 జీబీ వీ100 కూడా ఉంది, కొటేషన్‌లో ఆ ఒక్క లైన్ మారి ఉంటే చాలు. రెండు కార్డుల మధ్య పంచుకోవచ్చు కానీ దానికి కోడ్ మళ్లీ విప్పాలి. ఇంకో మాట: కార్డు నుంచి సీపీయూకి దారి పీసీఐఈ 3.0, మహా అయితే సెకనుకు 16 జీబీ. ప్రతి నిమిషానికీ మొత్తం మ్యాప్ డిస్క్‌కి రాయమని అడిగితే కార్డు ఖాళీగా కూర్చుంటుంది. కార్డు వాడకాన్ని చూపే ఎన్విడియా-ఎస్ఎంఐ టూల్‌లో 100 శాతం కనపడిందని సంబరపడొద్దు. ఏదో ఒక కెర్నల్ (జీపీయూ మీద నడిచే చిన్న ప్రోగ్రామ్) నడుస్తూనే ఉందని మాత్రమే దానర్థం, కార్డు పూర్తి సత్తాతో పనిచేస్తోందని కాదు.

పక్క విభాగంలో వాతావరణ మోడల్ నడిపేవాళ్లకు ఈ నోడ్ దాదాపు పనికిరాలేదు. వాళ్లది దశాబ్దాల నాటి ఫోర్ట్రాన్ భాషలో రాసిన కోడ్. అందులో ఐదో వంతు పని జీపీయూ మీదకు ఎక్కకపోతే, మిగతాది రెప్పపాటులో అయిపోయినా సరే మొత్తం వేగం ఐదు రెట్లు దాటదు. స్విట్జర్లాండ్ వాతావరణ సంస్థ 2016లోనే రోజువారీ సూచనలను జీపీయూల మీద నడిపింది, కానీ అంతకుముందు ఏళ్ల తరబడి కూర్చుని మోడల్ గుండెకాయ లాంటి భాగాన్ని సీ++లో తిరగరాసుకున్నారు. మన దేశంలో 2024లో పుణేలో వచ్చిన వాతావరణ సూపర్ కంప్యూటర్ అర్క 11.77 పెటాఫ్లాప్స్ (ఒక పెటాఫ్లాప్ అంటే సెకనుకు వెయ్యి లక్షల కోట్ల లెక్కలు) యంత్రం. అది ప్రధానంగా సీపీయూలదే, ఏఐ పనులకు వేరే వ్యవస్థ పెట్టారు. ఉన్న కోడ్ ఏ రకం ప్రాసెసర్ మీద నడుస్తుందో యంత్రం కూడా అదే రకం ఉండాలి కాబట్టి నాకైతే అది సరైన నిర్ణయమే అనిపిస్తుంది.

టెండర్ల దగ్గర ఒక ఉచ్చు ఉంది. స్పెసిఫికేషన్‌లో ఊరికే "టెరాఫ్లాప్స్" (సెకనుకు లక్ష కోట్ల లెక్కల కొలత) అని రాస్తే ఎల్1గా, అంటే అందరికన్నా తక్కువ ధరకు, గేమింగ్ కార్డు వచ్చి కూర్చునే ప్రమాదం ఉంది. గేమింగ్ కార్డు ఆర్టీఎక్స్ 3090కి సింగిల్ ప్రెసిషన్‌లో 35 టెరాఫ్లాప్స్, వీ100కి సగం కూడా లేవు. డబుల్ ప్రెసిషన్‌కి వస్తే 3090 ఒకటి కూడా దాటదు, వీ100 ఏడు. మెమరీలో పొరపాట్లు దిద్దుకునే ఈసీసీ కూడా 3090లో లేదు. మీ లెక్క సింగిల్‌లో నిలబడుతుందంటే గేమింగ్ కార్డే లాభం, అందులో నామోషీ లేదు. ముంపు మోడల్‌లో నీటి మట్టానికి బదులు లోతును దాచుకుంటే చాలావరకు సింగిల్ సరిపోతుంది. ఏది కావాలో తేల్చుకుని, ఆ మాట టెండర్‌లో విడమరిచి రాయండి.

కార్డులు ఇప్పటిదాకా ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఎండాకాలంలో ఏసీ ఆగితే క్లాక్ తగ్గించుకుంటాయి, అంతే. ముసలితనం వచ్చింది సాఫ్ట్‌వేర్‌కి. మా సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ సెంటోస్ 7కి 2024 జూన్ 30తో సపోర్ట్ ఆగిపోయింది. దాని పాత గ్లిబ్‌సీ (ప్రోగ్రాములన్నీ ఆధారపడే మూల లైబ్రరీ) మీద కొత్త పైథాన్ లైబ్రరీలు ఎక్కవు, కావలసినవన్నీ ఒకే మూటగా కట్టే కంటైనర్లలో పెట్టి నెట్టుకొస్తున్నాం. జీపీయూ ప్రోగ్రాములకు ఎన్విడియా ఇచ్చే సాఫ్ట్‌వేర్ క్యూడా. 2025లో వచ్చిన క్యూడా 13 వోల్టా తరాన్ని, అంటే మా కార్డులనే, వదిలేసింది. క్యూడా 12 మీద ఉండిపోతే మోడల్ నడుస్తుంది. మా అసలు టెన్షన్ అది కాదు. కోడ్‌ని క్యూడాలోకి తెచ్చిన కుర్రాడు కాంట్రాక్టు అయిపోయి వెళ్లిపోయాడు. యంత్రానికి బడ్జెట్‌లో పద్దు ఉంది, ఏఎంసీకి (ఏటా నిర్వహణ కాంట్రాక్టు) ఉంది, ప్రోగ్రామర్‌కి లేదు.

ఈసారి మేం పెట్టిన ప్రతిపాదనలో కార్డులు ఒకటి తగ్గించి, ఆ డబ్బుతో రెండేళ్ల ప్రోగ్రామర్ పోస్టు అడిగాం. క్యాపిటల్ పద్దులో, అంటే యంత్రాల్లాంటి ఆస్తులు కొనే పద్దులో, జీతం రాయకూడదని ఫైల్ వెనక్కి వచ్చింది. వేరే పద్దు కింద మళ్లీ పంపుతున్నాం.