తిరుపతి ఎండలకు టైమర్ టేబుల్ ఫ్యాన్ పనికొస్తుందా?

గాంధీ రోడ్డు షాపుల్లో దొరికే 400 ఎం.ఎం. టేబుల్ ఫ్యాన్ ఇది. 55 వాట్లు, మూడు స్పీడ్లు, 120 నిమిషాల స్ప్రింగ్ టైమర్ (పెట్టిన సమయం అయ్యాక ఫ్యాన్‌ని తనే ఆపేస్తుంది). గాలి బాగా తగులుతుంది, రెండో స్పీడ్‌లో చప్పుడు తక్కువ.

దక్షిణ కొరియా ఫ్యాన్లకూ ఇలాంటి టైమరే ఉంటుంది, దాని వెనక ఒక భయం ఉంది. మూసిన గదిలో ఫ్యాన్ వేసుకుని పడుకుంటే ప్రాణం పోతుందని అక్కడ చాలాకాలంగా నమ్మారు. 2006లో అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ కూడా హెచ్చరించింది. మనకు ఆ భయం అక్కర్లేదు. ఫ్యాన్ ఆక్సిజన్‌ను లాగేయదు, గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది. భయపడాల్సింది ఎండకి. మే నెలలో గది వేడి 40 డిగ్రీలు దాటితే ఒంటికి తగిలేది వడగాలే. ఒళ్లు తడిగుడ్డతో తుడుచుకోవాలి, నీళ్లు తాగుతుండాలి, రాత్రి కిటికీలు తెరవాలి. ముసలివాళ్లున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

టైమర్ నాబ్ నాసిరకం. బలవంతంగా వెనక్కి తిప్పితే లోపలి గేర్ పోతుంది. మోటార్ ఇరుసు (షాఫ్ట్) తిరిగే లోహపు గొట్టం, అంటే బుష్, ఎండి షాఫ్ట్ బిగుసుకుంటే మోటార్ కాలుతుంది కాబట్టి ప్లగ్ తీసి అక్కడ రెండు చుక్కల మెషిన్ ఆయిల్ వేయండి. ఫ్యాన్ నెమ్మదిస్తే ముందు కెపాసిటర్ (మోటార్ తిరగడానికి సాయపడే చిన్న భాగం) మార్పించి చూడండి, వెంటనే రీవైండింగ్‌కి (మోటార్ తీగ మళ్లీ చుట్టించడానికి) ఒప్పుకోకండి.